విల్లీ గారి తెడ్డు

డండీ రేవు
1902 అక్టోబరు 20

ఎల్స్పెట్‌కి,

రేపు పొద్దున్న పోటు మీద మా ఓడ గ్లెనైలా రేవు వదులుతుంది. మన ఆక్‌మితీ నుంచి డండీ ఒక పూట ప్రయాణం కూడా కాదు, అయినా నువ్వు సాగనంపడానికి రాలేదు. రాకపోవడమే మంచిదైంది. నీ ముడుచుకున్న మూతి చూస్తూ ఓడెక్కే ధైర్యం నాకు లేదు.

కోపమొస్తే రానీ గానీ ఒక్క మాట విను. దక్షిణాన మంచు సముద్రంలో ఒకే ఒక్క చలికాలం. ఓడ వెళ్లేది రెండేళ్లకే అయినా, మధ్యలో మరమ్మతుకి బ్యూనస్ ఐరిస్ వస్తుంది. దిగిపోదలుచుకున్నవాళ్లు అక్కడ దిగిపోవచ్చని కెప్టెన్ మ్యూర్ అందరి ముందూ చెప్పాడు. నేను దిగిపోతాను. ఇది మాట. అందాకా పడవలో నా తెడ్డు తమ్ముడు టామ్ వేస్తాడు. వాడు నాకంటే బలంగానే వేస్తాడు, నాన్నకి ఆ సంగతి తెలుసు కూడా.

ఎందుకు వెళ్తున్నావని నువ్వు పదిసార్లు అడిగావు, నేను పదిరకాలుగా చెప్పాను. అసలు సంగతి ఇదీ. ముప్ఫై రెండేళ్లొచ్చాయి, మన చర్చి గోపురం కనబడేంత దూరంలోనే చేపలు పట్టాను. అది కనబడని చోట ఒక్కసారి ఉండి చూడాలని ఉంది.

ఓడలో నాకిచ్చిన పని వింటే నవ్వుతావు. తెరచాపల పని ఎలాగూ ఉంది, దాంతోబాటు మాంసం కోసం తీసుకెళ్తున్న నాలుగు ప్రాణుల మేపుడూ నా నెత్తినే వేశారు. ఏ ప్రాణులంటావా? అపశకునమని మనం సముద్రం మీద పేరెత్తనివి. బురదలో పొర్లేవి, మూతితో నేల తవ్వేవి. మీ అమ్మ నోరు జారి ఆ పేరంటే మా నాన్న పరిగెత్తుకెళ్లి తలుపు గడియ ఇనుము ముట్టుకుంటాడే, అవే. ఈ ఓడలో అందరూ ఆ మాట నిక్షేపంగా అనేస్తున్నారు. నేను మాత్రం మనవాళ్లు పెట్టిన పేరే అంటున్నాను: శాండీ కాంబెల్. నాలుగింటికీ అదే పేరు. ఎందుకైనా మంచిదని జేబులో ఒక ఇనప మేకు వేసుకుని తిరుగుతున్నాను.

నీ గిబ్


ఆక్‌మితీ
1902 నవంబరు 18

గిబ్‌కి, ఫాక్‌లాండ్ దీవుల్లో అందుకునేలా,

నేను రానిది కోపంతో కాదు. ఆ రోజు పద్నాలుగు వందల గాలాలకి ఎర గుచ్చాల్సి ఉంది. నువ్వు ధ్రువానికి వెళ్తున్నావని చేపలు సెలవు తీసుకోవు కదా. సరే, కోపం కూడా కొంచెం ఉంది.

ఇప్పుడు చెప్పేది విని కంగారుపడకు. టామ్ వెళ్లిపోయాడు. అబర్దీన్‌లో ఆవిరి పడవల వాళ్లు మనుషులు కావాలన్నారట. "పొగగొట్టం ఉన్న పడవలో తెడ్డు వెయ్యక్కర్లేదు వదినా" అన్నాడు, మూట కట్టుకున్నాడు, పోయాడు. ఊళ్లో పడుచువాళ్లంతా అదే దారి.

మన పడవకి నాలుగు తెడ్లు. మనుషులు మాత్రం మీ నాన్న, మీ ఎబ్ చిన్నాన్న, ఆయన అల్లుడు జాక్, అంతే. ముగ్గురితో ఆ పడవ బండరాళ్ల మధ్య నుంచి బయటికి రాదు. మామయ్య దాన్ని ఒడ్డుకి లాగించి, బోర్లించి, దాని మీదే కూర్చుని పొద్దస్తమానం పైపు కాలుస్తున్నాడు. పిలిస్తే పలకడు. ముందు పెట్టిన పులుసు చల్లారిపోతుంది. అరవై రెండేళ్ల మనిషి, మూడు వారాల్లో సగమైపోయాడు. నాకు ఆయన్ని చూస్తే భయంగా ఉంది గిబ్.

నిన్ను తొందరగా రమ్మని అడగను. అడిగినా ఓడ వెనక్కి తిప్పరు. అన్న రోజుకి మాత్రం వచ్చెయ్.

ఎల్స్పెట్


పోర్ట్ స్టాన్లీ, ఫాక్‌లాండ్ దీవులు
1903 జనవరి 21

ఎల్స్పెట్‌కి,

నీ ఉత్తరం అందింది. టామ్‌ని నాలుగు తిట్టాను, వాడికి వినబడకపోయినా నాకు హాయిగా ఉంది.

పడవలో నేను కూర్చునే బల్ల ఖాళీగా ఉంచొద్దని నాన్నకి చెప్పు. ఎవరినైనా కూర్చోబెట్టండి. సముద్రమంటే భయం లేకుండా, నాన్న తిట్లకి ఏడవకుండా ఉంటే చాలు. మన ఊరి మనిషైనా సరే, పై ఊరైనా సరే, ఎవరని నేనడగను. నాన్న నీళ్ల మీద ఉండాలి, అంతే.

ఎల్లుండి దక్షిణానికి బయల్దేరుతున్నాం. మంచులో పోస్టాఫీసు లేదు. ఇకనుంచి ఉత్తరాలు బ్యూనస్ ఐరిస్‌కి రాస్తూ ఉండు, వెళ్లాక అన్నీ కలిపి చదువుకుంటాను. శాండీలు నలుగురూ కులాసా.

గిబ్


ఆక్‌మితీ
1903 ఏప్రిల్ 9

గిబ్‌కి,

నువ్వు చెప్పినట్టే మనిషి దొరికారు. పేరు విల్లీ. మామయ్యే కుదిర్చాడు, పేరు కూడా ఆయనే చెప్పాడు. మార్చి మధ్య నుంచి పడవ మళ్లీ నీళ్లలో ఉంది, మామయ్య మళ్లీ తిడుతున్నాడు. ఆ తిట్లు వినబడుతుంటే నాకు కడుపు నిండినట్టుంది.

ఎబ్ చిన్నాన్న మొదట ససేమిరా అన్నాడు. "ఈ మనిషితోనా? నా తండ్రి లేచొచ్చినా కూర్చోను" అన్నాడు. మామయ్య నిమ్మకు నీరెత్తినట్టు తాళ్లు సర్దుకుంటూ, "అయితే నువ్వు ఒడ్డునుండు" అన్నాడు. మొదటి వారమే హాడక్ చేపలు పడవ అంచు దాకా పడ్డాయి. చిన్నాన్న ఇప్పుడు విల్లీ గారికి తన పొగాకు కూడా ఇవ్వబోతున్నాడు. విల్లీ గారు పొగ తాగరు.

విల్లీ గారికి పెళ్లాం లేదు. అందుకని మన ఊరి ఆనవాయితీగా మగాళ్లు పెళ్లాల వీపులెక్కి పొడికాళ్లతో పడవెక్కుతుంటే, పాపం తను మాత్రం మోకాళ్లు దాటిన నీళ్లలో నడిచే ఎక్కుతారు. నీ పాత ఉన్ని చొక్కా, పెద్ద బూట్లు ఇచ్చాను. బూట్లు వదులైతే మేజోళ్లు రెండు జతలు తొడుక్కుంటున్నారు. భోజనం మన ఇంట్లోనే. బాగానే తింటారు, నీకంటే ఒక గరిటె ఎక్కువే.

నీ బల్ల గురించి బెంగ వద్దు.

ఎల్స్పెట్


మంచులో బిగుసుకుపోయిన గ్లెనైలా మీద నుంచి
1903 జూలై 12

ఎల్స్పెట్‌కి,

ఇది ఎప్పటికి పోస్టులో పడుతుందో దేవుడికే తెలుసు, అయినా ఇవాళ రాయకపోతే నవ్వు లోపలే ఉండిపోయి చచ్చిపోతాను.

ఏప్రిల్ నుంచి ఓడ చుట్టూ సముద్రం గడ్డకట్టింది. పొద్దున్న ఓట్ల జావ, మధ్యాహ్నం పెంగ్విన్ మాంసం. పెంగ్విన్‌ని నానబెట్టి వండితే ముసలి బాతులా ఉంటుంది. నానబెట్టకపోతే బూటులా ఉంటుంది. తెరచాపలు కుట్టడం, మంచు కోసి నీళ్లు కాచడం, ఇదే పని. నిజం చెప్పనా, నాకు బాగుంది. ఇక్కడి తెలుపు ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండదు.

శాండీలలో ముగ్గురు వంటింటికి వెళ్లిపోయారు. మిగిలినవాణ్ని మధ్యాహ్నం పూట ఓడ పక్కన మంచు మీద తిప్పుతాను. ఓడలో మిస్టర్ ప్రింగిల్ అని ఎడిన్‌బరా నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరున్నాడు. గాలి, చలి, చేప, పిట్ట, కనిపించిన ప్రతిదీ లెక్క రాస్తాడు, తన గది దాటి ఆ వాసన వైపు రాడు. ఏం చేస్తున్నావని అడిగినప్పుడల్లా నేను, "శాండీ కాంబెల్‌కి తిండి పెట్టొస్తున్నాను సార్" అనేవాణ్ని. మంచాన పడ్డ నావికుడెవడో ఉన్నాడనుకున్నాడట, మహానుభావుడు. "ఎలా ఉన్నాడు?" అనేవాడు. "బరువెక్కుతున్నాడు సార్" అనేవాణ్ని. "సంతోషం" అనేవాడు.

మొన్న మంచు పగిలింది. శాండీ ఆ పగులులో పడ్డాడు. నేను గొంతు చించుకుని, "శాండీ కాంబెల్ పడిపోయాడు! పగులులో పడ్డాడు!" అని అరిచి, తాడు నడుముకి కట్టుకుని దిగిపోయాను. తాడు రెండో కొస వంటమనిషి పట్టుకున్నాడు. వాడికి చెముడు, ఎందుకు దిగానో కూడా తెలీదు.

పైన జరిగింది తర్వాత విన్నాను. ప్రింగిల్ గంట కొట్టాడు. ఇరవై ఆరుమందీ మంచు మీదికి పరిగెత్తారు. డాక్టరు బ్రాందీ సీసాతో వచ్చాడు. కెప్టెన్ పేర్లు పిలిచాడు, తాడు మీద దిగిన నేను తప్ప అందరూ పలికారు. రెండోసారి పిలిచాడు, అందరూ పలికారు.

"అందరూ ఉన్నారు కదా!" అన్నాడు కెప్టెన్.

"కాంబెల్ పలకలేదు సార్" అన్నాడు ప్రింగిల్, కళ్లనీళ్లతో.

"ఈ ఓడలో కాంబెల్ అనేవాడే లేడయ్యా!"

"ఉన్నాడు సార్! జబ్బు మనిషి! తొమ్మిది నెలలుగా గిబ్ స్పింక్ ఒక్కడే చూసుకుంటున్నాడు!"

సరిగ్గా అప్పుడు మమ్మల్నిద్దరినీ పైకి లాగారు. ముందు శాండీ మూతి కనబడింది. డాక్టరు అప్పటికే గ్లాసులో పోసేశాడు, పారబొయ్యడం ఇష్టంలేక శాండీకే పట్టాడు. అప్పుడు మొదలైంది నవ్వు. కడుపు పట్టుకుని మంచు మీద దొర్లారు. ప్రింగిల్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఇక శాండీని కోసే ధైర్యం ఎవరికీ లేదు.

సాయంత్రం కెప్టెన్ నన్ను గదిలోకి పిలిచాడు. తిట్లకి సిద్ధపడి వెళ్లాను.

"ఈతొచ్చా నీకు?" అన్నాడు.

"మా ఊళ్లో ఎవరికీ రాదు సార్. వస్తే మునగడానికి ఎక్కువసేపు పడుతుంది."

"ఒక జంతువు కోసం అలా దిగావు. మనిషి కోసమైతే ఇంకెలా దిగుతావో. వచ్చే వేసవిలో నలుగురితో మంచు మీద బండి లాక్కుంటూ, ఇంతవరకూ మనిషి కాలు పెట్టని తీరానికి వెళ్తున్నాను. నువ్వొకడివి, వస్తావా?"

ఎల్స్పెట్, బ్యూనస్ ఐరిస్‌లో దిగిపోతానని నా భార్యకి మాటిచ్చానని చెప్పాను. "అక్కడికి చేరాకే చెప్పు" అన్నాడు. నీ దగ్గర దాచి లాభం లేదు, వెళ్లాలని ఉంది. కానీ మాట మాటే.

నీ గిబ్


ఆక్‌మితీ
1903 సెప్టెంబరు 27

గిబ్‌కి,

మొన్న ఈశాన్యపు గాలికి ఐదు పడవలు చిక్కుకున్నాయి. మనది ముందొచ్చింది. జాక్ తెడ్డు విరిగింది. మామయ్య చుక్కాని పట్టుకుని "లాగు విల్లీ, లాగు!" అని ఒకటే కేకలు. విల్లీ గారు రెండు మైళ్లు లాగారు, చేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. నేనే వెన్న రాసి గుడ్డ కట్టాను. ఒడ్డుకొచ్చాక మామయ్య ఏమన్నాడో తెలుసా? "ఆ బల్ల మీద ఇంత మంచి తెడ్డు నా వయసులో చూడలేదు" అన్నాడు. నీ బల్లే. ఏమనుకోకు.

ఊళ్లో గుసగుసలు లేకపోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మామయ్యకి లేని బాధ వాళ్లకెందుకట?

పొద్దున్నే విల్లీ గారు పడవెక్కడానికి దిగేటప్పుడు నీళ్ల మీద వెలుగుంటుంది చూడు, అది ఇన్నేళ్లూ ఎర గుచ్చుకుంటూ తల వంచుకుని ఎన్నడూ చూడలేదు నేను. ఈ ఏడు నేను బాగున్నాను గిబ్. నీ మీద బెంగ లేదని కాదు. ఉంది, దాంతోపాటే బాగున్నాను.

ఎల్స్పెట్


బ్యూనస్ ఐరిస్
1903 డిసెంబరు 3

శ్రీమతి ఎల్స్పెట్ స్పింక్ గారికి,

"గారు" అన్నాను, గమనించు. ఈ మధ్య మన ఇంట్లో ఆ మాట బాగా చలామణీలో ఉన్నట్టుంది. పెళ్లయి ఏడేళ్లయింది, నన్ను ఒక్కనాడు ఏ గారూ అనలేదు నువ్వు.

ఇవాళ రేవుకి చేరాం. జూలైలో రాసిన నా ఉత్తరం ఈ కట్టలోనే పెడుతున్నాను, అది నవ్వుతూ రాసింది. తర్వాత నీవి రెండూ చదివాను. ఎవడీ విల్లీ? ఎవరినైనా కూర్చోబెట్టమన్నాను, నిజమే, ఎవరని అడగనన్నాను, అదీ నిజమే. ఇప్పుడు అడుగుతున్నాను. నా చొక్కా, నా బూట్లు, నా బల్ల, నా ఇంట్లో గరిటె ఎక్కువ. వాడి చేతులకి నువ్వు కట్టు కడతావు. వాడు పడవెక్కే చోట వెలుగు చూస్తూ నిలబడతావు. "ఈ ఏడు బాగున్నాను" అంటావు. నేను గడ్డకట్టిన సముద్రంలో ఏడు నెలలు నీ మొహం తలుచుకుంటూ పడుకున్నాను.

మాట నిలబెట్టుకుంటున్నాను. పొద్దున్నే కెప్టెన్‌తో చెప్పేశాను, నేను రాను, ఇంటికి పోతాను అని. ఆయన తలూపి తన పనిలో పడ్డాడు. ఓడ మరమ్మతు జనవరి నెలాఖరు దాకా పడుతుంది. పని పూర్తయ్యేదాకా ఉండి, తర్వాత టపా ఓడ ఎక్కుతాను. నీ జవాబు అప్పటికి వస్తే వస్తుంది.

విల్లీ గారితో చెప్పు, బల్ల ఖాళీ చెయ్యమని.

గిల్బర్ట్ స్పింక్


ఆక్‌మితీ
1903 డిసెంబరు 29

పిచ్చి గిబ్‌కి,

నీ కట్ట ఇవాళ పొద్దున్న వచ్చింది. మొదట జూలై ఉత్తరం విప్పాను. మామయ్యకి, చిన్నాన్నకి పైకి చదివి వినిపించాను. శాండీకి బ్రాందీ పట్టిన చోట చిన్నాన్న కుర్చీలోంచి జారిపోయాడు. నవ్వుతూనే రెండోది విప్పాను. అది పైకి చదవలేదు.

ఒకటి అడుగుతాను. తొమ్మిది నెలలు ఒక ఆఫీసరుకి నాలుగు కాళ్ల జంతువుని మనిషని నమ్మించినవాడివి నువ్వు. పలకకూడనిదానికి మనవాళ్లు ఏం చేస్తారో నీకు తెలీదా? ఇంకో పేరు పెడతారు. సముద్రం మీద మీరు పేరెత్తనివి ఎన్ని? ఆ నేల తవ్వేది. చెవులు పొడుగ్గా ఉండి గెంతేది. నల్లకోటు వేసుకుని ఆదివారం ప్రసంగం చేసే ఆయన. ఇంకా?

ఆడది, గిబ్.

విల్లీని నేనే.

చలికాలమంతా మామయ్య బోర్లించిన పడవ మీద కూర్చుని కరిగిపోతుంటే చూడలేకపోయాను. మార్చిలో నీ స్టాన్లీ ఉత్తరం వచ్చింది. "ఎవరినైనా కూర్చోబెట్టండి, ఎవరని నేనడగను." ఆ ముక్క మామయ్యకి చదివి, "అయితే నేను కూర్చుంటాను" అన్నాను. ఆయన పైపు తీసి నావైపు తిరిగాడు. "పడవకి అత్తయ్య పేరు మార్గరెట్ అని పెట్టొచ్చు గానీ ఆడది ఎక్కకూడదా మామయ్యా?" అన్నాను. "నోర్ముయ్" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టి, "విల్లీ, లే. గాలి బాగుంది" అన్నాడు. అంతే. అప్పట్నుంచి పడవ నీళ్లలో ఉన్నంతసేపూ నేను విల్లీని. ఒడ్డుకొస్తే ఎల్స్పెట్‌ని. మామయ్య లెక్క ప్రకారం ఆడది పడవెక్కనే లేదు.

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం వెతుకు చూద్దాం. విల్లీకి పెళ్లాం ఉందా? చేతులకి కట్టు నేనే కట్టుకున్నాను, పళ్లతో ముడేసి. "గారు" ఎందుకు పెట్టానో ఇప్పుడైనా అర్థమైందా? అతడు అంటే అబద్ధం, ఆమె అంటే గుట్టు రట్టు. రెండూ రాయలేక నాకు నేనే గౌరవం ఇచ్చుకున్నాను.

ఎందుకు దాచానంటే, తెలిస్తే వద్దంటావని. అంటావు, గిబ్. నువ్వు మంచివాడివే గానీ అంటావు. ఇప్పుడు దాచకుండా చెప్తున్నాను. నువ్వు రేపొచ్చి ఆ బల్ల అడిగితే నేను లేవాలి. ఊరంతా నీ వైపే ఉంటుంది. లేస్తాను కూడా. కానీ లేవాలని లేదు. తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు, ఎర దగ్గర కాకుండా చేప దగ్గర ఉండటం, గోపురం చిన్నదైపోవడం వెనక్కి తిరిగి చూడటం. నువ్వు డండీ నుంచి రాసిన ఆ ముక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అయింది. అర్థమయ్యాక నిన్ను ఇంటికి రమ్మని ఎలా అంటాను?

నీకు వెళ్లాలని ఉంది. వెళ్లు. నీ మాట నీకు తిరిగిచ్చేస్తున్నాను. ఆ తీరం మీద కాలు పెట్టి రా. ఏడుస్తానా అంటే ఏడుస్తాను, ఇప్పుడూ ఏడుస్తూనే రాస్తున్నాను, అక్షరాలు చూస్తే తెలుస్తుంది. నువ్వంటే నాకెంత ఇష్టమో ఉత్తరంలో పట్టదు. అయినా వెళ్లు.

టపా బండి తప్పిపోకుండా దీన్ని నేనే ఆర్బ్రోత్ టపా ఆఫీసు దాకా నడిచి వేసొస్తాను. నువ్వు ఓడెక్కేసేలోపు అందాలి. అందకపోతే నీ ఖర్మ, నా ఖర్మ.

ఎల్స్పెట్


బ్యూనస్ ఐరిస్
1904 జనవరి 25

ఎల్స్పెట్‌కి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. టపా ఓడలో నా పెట్టె అప్పటికే ఎక్కించేశాను. రేవు గట్టు మీద కూర్చుని చదివాను. మొదటిసారి సిగ్గుతో, రెండోసారి నవ్వుతో. మూడోసారి చదవలేకపోయాను, కళ్లు మసకలయ్యాయి. "వెళ్లు" అన్న చోట నా మొహం కొంచెం వాడిపోయిన మాట కూడా చెప్పాలి. మొగాడికి బతిమాలించుకోవాలని ఉంటుంది. అది నా వెధవబుద్ధి, పట్టించుకోకు.

పెట్టె దింపించుకుని పరిగెత్తి కెప్టెన్ దగ్గరికి వెళ్లాను. నా చోటు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటాడని తెలుసు. అయినా అడిగాను. నీ ఉత్తరం సంగతంతా చెప్పాను, నవ్వకుండా విన్నాడు. పుస్తకం తీసి చూపించాడు. నలుగురి పేర్లలో నాది అలాగే ఉంది.

"నేను రానని చెప్పాను కదా సార్, కొట్టెయ్యలేదా?"

"మీ ఊరి మనిషి ఏదైనా చెబితే, దాని అర్థమేమిటో రెండోసారి విన్నాకే రాస్తున్నాను స్పింక్. ఒకసారి మోసపోయాం" అన్నాడు.

రేపు బయల్దేరుతున్నాం. ఈ ఏడు అక్టోబరుకల్లా ఇంటికొస్తాను. వచ్చాక బల్ల అడగను. ఊరు నా వైపుంటే ఉండనీ, నేను నీ వైపుంటాను. నాన్నతో చెప్పు, తెడ్డు విల్లీ గారిదే. ఎర గుచ్చే పని నాది.

పని రావాలి కదా అని ఇవాళ పొద్దున్న ప్రింగిల్ దగ్గర చేపల గాలాల తాడు అడిగి తీసుకున్నాను. రేవులో ఒక బాల్చీడు ఆల్చిప్పలు దొరికాయి. కూర్చున్నాను. చిప్ప తెరవాలి, మాంసం చితక్కుండా తియ్యాలి, గాలానికి గుచ్చి, తాడు చిక్కుపడకుండా చుట్టలు చుట్టాలి. అరవయ్యో గాలం దగ్గర బొటనవేలు తెగింది. నూరు దగ్గర ఆపేశాను. తెగిన చెయ్యి ఉప్పునీళ్లలో పెడితే ప్రాణం పోయినంత పనైంది.

పద్నాలుగు వందలు, ఎల్స్పెట్. రోజూ. ఆరేళ్లు. నేను నీ వీపు మీద పొడికాళ్లతో పడవెక్కి, "తాడు ఇంకా సిద్ధం కాలేదా" అని కేకేసేవాణ్ని. నీ చేతులు నొప్పి పెడుతున్నాయా అని ఒక్కనాడు అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు రాయకు. వచ్చి, నీ ఎదురుగా కూర్చుని వింటాను.

నీ గిబ్